కలలో మొదటి ఖర్చు

తమ్ముడూ,

నువ్వు పంపిన కథ చదివాను. మండపేట మిల్లులో జయ బియ్యం లోడు చేసుకుని కేరళ వెళ్ళిన లారీ డ్రైవరు తమిళనాడు-కేరళ సరిహద్దులో ఉన్న వాళయార్ దాటాక టీకి ఆగుతాడు. పక్కనే గొడుగు కింద బల్ల వేసుకుని లాటరీ అమ్ముతున్నతని దగ్గర, కేరళ ప్రభుత్వం ఓణం పండక్కి వేసే పెద్ద లాటరీ ఓణం బంపర్ టికెట్టు కొంటాడు. ఇక తిరుగు ప్రయాణమంతా ఆ మొదటి బహుమతి పాతిక కోట్లూ ఊహలో ఖర్చు పెడుతూనే ఉంటాడు. ఈ ఎత్తుగడ నాకు చాలా నచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో లాటరీ అమ్మకాలు లేవు. మనవాళ్ళ చేతికి టికెట్టు రావాలంటే లారీ మీద పోవాలి, శబరిమల వెళ్ళి రావాలి, లేదంటే గల్ఫ్‌కి పనికి పోవాలి. మన దగ్గర లాటరీ కల ఎప్పుడూ ఇంటికి దూరంగానే పుడుతుంది. నువ్వు ఆలోచించి పెట్టావో, దానంతటదే వచ్చిందో గానీ నీ కథకు బలం అక్కడుంది. అంత దూరాన ఒంటరిగా స్టీరింగ్ పట్టుకున్న మనిషి డబ్బు గురించి ఆలోచించడం మొదలుపెడితే ఇంటి గురించే ఆలోచిస్తాడు.

అందుకే రెండో పేజీకి వచ్చేసరికి నాకు బాధేసింది. నీ డ్రైవరు కలలో మొట్టమొదట జూబ్లీహిల్స్ బంగళా వచ్చింది, తర్వాత బెంజి కారు, ఆ తర్వాత స్విట్జర్లాండ్. ఇవి అతని కలలు కావు. సినిమా పాటల్లోంచి తెచ్చి అతని తలలో పెట్టావు. లారీ మీద ఫైనాన్స్ ఉందని, రెండు కిస్తీలు ఆగాయని మొదటి పేజీలో నువ్వే రాశావు. భార్య గాజులు బ్యాంకులో తాకట్టులో ఉన్నాయనీ నువ్వే రాశావు. అలాంటి మనిషి డబ్బొస్తే ముందు స్విట్జర్లాండ్ వెళ్తాడా? గాజుల సంగతి నువ్వు మర్చిపోయావు గానీ అతను మర్చిపోడు.

నేను నీకు ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇదే. డబ్బు కల రాసేటప్పుడు ఆ మనిషి పెట్టే మొదటి ఖర్చు ఏమిటో కనిపెట్టు. ఏ పన్ను నొప్పిగా ఉంటే నాలుక అక్కడికే పోయినట్టు, డబ్బు ఊహ కూడా ముందు నొప్పి ఉన్నచోటికే పోతుంది. అది అప్పు కావచ్చు. పదిమందిలో పడ్డ మాట కావచ్చు. చెల్లెలి పెళ్ళిలో పెడతానని పెట్టలేకపోయిన వస్తువు కావచ్చు. మొదటి ఖర్చు దొరికితే ఆ మనిషి దొరికినట్టే. అది దొరక్కుండా బంగళాలు ఎన్ని కట్టించినా పాఠకుడు నమ్మడు.

నిజంగా జరిగినవి రెండు చెప్తాను. ఉత్తర తెలంగాణకు చెందిన ఒక రైతు పని కోసం దుబాయి వెళ్ళి, పని దొరక్క తిరిగొచ్చాడు. వచ్చాక భార్య దగ్గర 20 వేలు తీసుకుని, అక్కడున్న స్నేహితుడి చేత అబుదాబి లాటరీ టికెట్లు కొనిపించాడు. 2019లో అతనికి కోటిన్నర దిర్హాములు తగిలాయి. అప్పటి లెక్కలో మన డబ్బు 28 కోట్లు. పేపర్లన్నీ 28 కోట్ల గురించి రాశాయి. కథ రాసేవాడు చూడాల్సింది ఆ 20 వేల వైపు. పని లేక ఇంటికి చేరిన భర్త మళ్ళీ అదే దేశం లాటరీకి డబ్బడిగితే ఆమె ఏ ముఖంతో ఇచ్చి ఉంటుంది? డ్రా తీసేదాకా ఆ ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది, ఎన్నిసార్లు రాకుండా ఆగి ఉంటుంది? ఆ కుటుంబం గురించి నాకు ఇంతకు మించి తెలియనక్కర్లేదు. కానీ అలాంటి మనిషిని నేను కథలో పెడితే, కలలో అతని మొదటి ఖర్చు ఆ 20 వేలు తిరిగిచ్చేయడమే అవుతుంది.

రెండోది కేరళలోనే జరిగింది. 2023లో మలప్పురం జిల్లా పరప్పనంగాడిలో ఇంటింటికీ తిరిగి ప్లాస్టిక్ చెత్త సేకరించే హరిత కర్మసేన మహిళలు 11 మంది కలిసి 250 రూపాయల మాన్‌సూన్ బంపర్ టికెట్టు కొన్నారు. 10 కోట్లు వచ్చాయి. తొమ్మిది మంది తలా 25 వేసుకున్నారు. మిగిలిన ఇద్దరు కలిసి ఒక 25 వేశారు, అంటే మనిషికి పన్నెండున్నర. తమ్ముడూ, ఆ పన్నెండున్నర దగ్గర ఆగి ఆలోచించు. ఒక్క టికెట్టు మీద పదకొండు కలలు, అందులో ఇద్దరివి సగం వాటా కలలు. పక్కనున్న ఆమె పూర్తి వాటాతో ఇల్లు కట్టుకుంటుంటే, నా సగంలో గది కడతానా, గోడ కడతానా అని సగం వాటా ఆమె ఆలోచించుకుంటుంది. నీ కథలో పాతిక కోట్లున్నాయి గానీ ఇలాంటి పన్నెండున్నర ఒక్కటీ లేదు.

ఇక లెక్క. పాతిక కోట్లు తగిలితే మర్నాడే మొత్తం ఖాతాలో పడినట్టు రాశావు. అలా పడవు. 2022 లెక్కలో చూడు, టికెట్టు అమ్మిన ఏజెంటు కమిషన్ 10 శాతం బహుమతిలోంచే పోతుంది, అంటే రెండున్నర కోట్లు. మిగిలిన 22.5 కోట్ల మీద 30 శాతం పన్ను, 6.75 కోట్లు, ముందే పట్టుకుంటారు. చేతికొచ్చేది 15.75 కోట్లు. ఆ పన్ను మీద పడే సర్‌ఛార్జీ, సెస్సు విడిగా మళ్ళీ కట్టుకోవాలి. ఓణం బంపర్ బహుమతిని 2022లో పాతిక కోట్లకు పెంచారు కదా, ఆ ఏటి రేట్లతో చూస్తే చివరికి 12 కోట్ల 88 లక్షల దాకా మిగులుతుంది.

ఇది తప్పులు దిద్దడానికి చెప్పడం లేదు. ఈ లెక్కలో నీకు ఒక మంచి ఘట్టం ఉంది. సేలం దగ్గర దాబాలో తోటి డ్రైవరెవరో భోజనం చేస్తూ ఈ కోతల సంగతి చెప్పాడనుకో. నీ డ్రైవరు వాళయార్ నుంచి అక్కడిదాకా పాతిక కోట్లకూ జాబితా వేసుకుంటూ వచ్చాడు. ఒక్కసారిగా అది సగమైపోయింది. రాని డబ్బు పోయినందుకు అతనికి నిజంగా బాధ కలుగుతుంది, అన్నం సయించదు. లారీ ఎక్కాక జాబితాలోంచి ఒక్కొక్కటీ తీసేయడం మొదలుపెడతాడు. ముందు ఎవరి పేరు తీస్తాడు? బావమరిదికి కొనిస్తానన్న ట్రాక్టరా, గుడికి చేయిస్తానన్న తలుపులా? ఆ తీసివేత రాస్తే అతని బంధుత్వాలన్నీ బయటికొస్తాయి.

ఇంకో సంగతి. జీవితంలో మూడు లక్షలకు మించి ఒక్కచోట చూడని మనిషి 12 కోట్లను ఎలా ఊహిస్తాడు? ఊహించలేడు. అప్పులు తీరుస్తాడు, ఇల్లు కడతాడు, పిల్లల చదువు, మేనకోడలి పెళ్ళి. అన్నీ కలిపి రెండు కోట్లు దాటవు. ఆ తర్వాత డబ్బు తరగదు. ఏం చేయాలో తోచదు. నువ్వు ఆ ఖాళీని కార్లతో నింపావు. నింపకు. ఆ తోచకపోవడాన్ని ఉన్నదున్నట్టు రాయి. మీ ఊళ్ళో ఎవరినైనా అడిగి చూడు, కోటి వస్తే ఏం చేస్తావని. మొదటి పాతిక లక్షలకు టకటకా జవాబొస్తుంది. ఆ తర్వాత మాట నెమ్మదిస్తుంది, కళ్ళు ఎటో పోతాయి. అప్పుడు చెప్పే మాటలు జాగ్రత్తగా విను. మనిషి తనకు ఎప్పుడూ అడిగే హక్కు లేదనుకున్నవి అప్పుడు అడుగుతాడు.

అక్కడ మనవాళ్ళు చేసే పని ఒకటుంది, నువ్వది వదిలేశావు. మిగిలిన డబ్బు వడ్డీకిస్తే ఎంతొస్తుందో లెక్క కడతారు. అది కూడా బ్యాంకు శాతాల్లో కాదు, నూటికి రూపాయి, రూపాయిన్నర, రెండు రూపాయల లెక్కలో. 12 కోట్లకు రూపాయి వడ్డీ అంటే నెలకు 12 లక్షలు. నీ డ్రైవరు ఇన్నాళ్ళూ మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుని కట్టినవాడు. వాయిదా రోజున అప్పిచ్చినాయన అరుగు ముందు నిలబడి గడువడిగినవాడు. ఇప్పుడు కలలో తన అరుగు ముందు ఎవరో నిలబడ్డారు. అతను ఎంత వడ్డీకి ఇస్తాడు? తను కట్టిన మూడు రూపాయలకేనా? రూపాయికా? ఊరికే ఇచ్చేస్తాడా? నోటు రాయించుకుంటాడా? నీ కథంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగినా నాకు సంతోషమే. కారు ఏ రంగుదైనా పాఠకుడికి ఒకటే, వడ్డీ దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టి చదువుతాడు.

భార్య పాత్రకు నువ్వు ఒకే ఒక్క మాట ఇచ్చావు, ఫోన్లో "నీకు పిచ్చి పట్టింది" అని. ఆమెకూ కల ఇవ్వు. ఆమె కల అతని కలతో కలవకపోవచ్చు. అతను రెండో లారీ కొంటానంటాడు, ఆమె ఉన్న లారీని కూడా అమ్మేయమంటుంది. రాత్రి డ్రైవింగ్ ఆగితే చాలు ఆమెకు. లేదా ఆమె తన పేరు మీద కొంత వేయమని అడగాలనుకుని అడగదు. రాని డబ్బు మీద మొగుడూ పెళ్ళాం నిజంగా పోట్లాడుకోవడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను. ఆ కోపాలు ఉత్తుత్తివి కావు.

రాసే తీరు గురించి చిన్న మాట. ప్రతి వాక్యం చివరా "అని ఊహించుకున్నాడు", "అని కలగన్నాడు" అని పెట్టావు. వాటిని కొట్టెయ్. మొదటి వాక్యం "డబ్బొస్తే" అని మొదలవ్వాలి. రెండు వాక్యాలయ్యాక ఆ "వస్తే" రాలిపోవాలి. "కొంటాడు" కాస్తా "కొన్నాడు" అయిపోవాలి. పేలపిండి కథ చిన్నప్పుడు మనకు చెప్పేవారు కదా, కుండలో పిండి చూసుకుంటూ మేకలు కొని, ఆవులు కొని, పెళ్ళి చేసుకుని, కొడుక్కి సోమశర్మ అని పేరు కూడా పెట్టేసిన బ్రాహ్మడు. అతను ఊహలో కాలు విసిరితే నిజం కుండ పగిలింది. అంత దూరం వెళ్ళాడు కాబట్టే ఆ కథ ఇన్ని తరాలు నిలిచింది. నీ డ్రైవరు కూడా అంత దూరం వెళ్ళాలి. టీ కొట్టు దగ్గర చిల్లర తీసుకోకుండా ముందుకు పోవాలి.

చివరి పేజీ తీసెయ్యమని అడుగుతున్నాను. ఒక్క అంకెలో టికెట్టు తప్పిపోవడం, అతను నవ్వుకుని కష్టార్జితమే నిలుస్తుందనుకోవడం. 2022 ఓణం బంపర్ టికెట్లు 66 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. మొదటి బహుమతి ఒక్కరికే. అది రాదని పాఠకుడికి ముందే తెలుసు, డ్రైవరుకూ తెలుసు. తెలిసీ 500 పెట్టి కొన్నాడు. అతనికి బుద్ధి చెప్పే పని నీకెందుకు? లాటరీ కొంపలు ముంచుతుందన్నది నిజం. అందుకే తమిళనాడు 2003లో నిషేధించింది. రోజుకూలీలో సగం టికెట్లకు పోసేవాళ్ళ గురించి రాయాలనుంటే అది వేరే కథ, కోపంతో రాయాల్సిన కథ, తప్పకుండా రాయి. ఈ డ్రైవరు అలాంటివాడు కాడు. ఏడాదికో టికెట్టు కొని, రెండు రోజుల దారిలో తన బాకీలన్నీ తలుచుకున్న మనిషి. అతని మీద గౌరవం తగ్గకుండా చూసుకో.

బహుమతి వచ్చినట్టు మార్చాలని కూడా నీకు అనిపించవచ్చు. అలా చేస్తే కథ ఇంకో దారి పడుతుంది. 2022లో పాతిక కోట్లు గెలిచిన మనిషి సాయం అడిగేవాళ్ళ తాకిడికి సొంతింట్లో ఉండలేక చుట్టాల ఇళ్ళు మారాడు. గెలవకుండా ఉంటేనే బాగుండేదని పేపర్లవాళ్ళతోనే చెప్పుకున్నాడు. ఆ కథకు చాలా ఓపిక కావాలి, ఇంకొన్నేళ్ళు ఆగు.

ఇప్పటికి వాళయార్ నుంచి సేలం దాకా ఉన్న భాగం మాత్రం తిరగరాసి పంపు. గాజుల తూకం ఎంతో, బ్యాంకులో ఎంతకు పెట్టారో తెలుసుకుని రాయి. వడ్డీ సంగతి తప్పకుండా ఉండాలి. అరుగు ముందు నిలబడి అడిగే మనిషి ఎవరో నువ్వే నిర్ణయించుకో. ఆ మనిషి డ్రైవరుకు బాగా కావలసినవాడైతే మంచిది.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య