అమ్మానాన్నలు వస్తున్న వేసవికి

చిన్నీ,

నిన్న నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. జులై మొదటి వారంలో మీ అమ్మానాన్నలు దిగుతారు. మర్నాడే లండన్, ఆ వెంటనే బాత్, కార్డిఫ్, లేక్ డిస్ట్రిక్ట్, మధ్యలో నీ గ్రాడ్యుయేషన్, ఆగస్టులో ఎడిన్‌బరో, ఆపైన అన్నయ్య గృహప్రవేశం, మా ఇంట్లో వ్రతం. నీ ఆరాటం నాకు అర్థమైంది. అయినా ఇందులో సగం కొట్టేయమంటాను.

2004లో మీ అమ్మమ్మా తాతయ్యా వచ్చినప్పుడు నేనూ ఇలాగే చేశాను. తొమ్మిది రోజుల్లో అయిదు ఊళ్ళు తిప్పాను. ఎడిన్‌బరో కోట దగ్గరకి చేరేసరికి మా నాన్నకి మోకాళ్ళు పట్టేశాయి. బయటే కూర్చుంటానన్నారు. టికెట్ డబ్బులు పోతాయని నేను అమ్మను తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. గాలిలో గంటన్నర సేపు ఆయన ఒక్కరే కూర్చున్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఊరికి వెళ్ళాక ఆయన అందరికీ ఏం చెప్పారో తెలుసా? మా వీధి చివరి పార్కులో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురు ఉంటుందని, కుక్కను తిప్పుకుంటూ వచ్చే ఒక పెద్దాయన రోజూ ఆగి పలకరించేవాడని.

అందుకే మొదటి మూడు రోజులు ఎక్కడికీ కదలకండి. వాళ్ళకి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ఇక్కడ జులైలో అయిదింటికల్లా తెల్లారిపోతుంది కాబట్టి అలా నడవడానికి తీసుకెళ్ళు. నువ్వు రోజూ ఎక్కే బస్సు ఎక్కించు, చదువుకునే లైబ్రరీ చూపించు, కూరగాయలు కొనే కొట్టు చూపించు. మూడేళ్ళుగా మీ అమ్మ ఫోన్‌లో "ఏం తిన్నావే" అని అడుగుతూనే ఉంది. నీ వంటగదిలో నువ్వు వండి పెడితే తింటూ కూర్చోవడం దానికి ఏ రాజభవనం చూసినా రాని తృప్తి. తిరగమోత పెట్టే ముందు కిటికీ తెరువు. మీ బిల్డింగ్‌లో స్మోక్ అలారం మోగితే అందరూ కిందికి దిగాల్సి వస్తుంది, మీ అమ్మ సిగ్గుతో చచ్చిపోతుంది.

సామాను సంగతి ఇప్పుడే చెప్పాలి. ఇండియా నుంచి పాల పదార్థాలు ఈ దేశంలోకి తీసుకురాకూడదు. నెయ్యి, పాలకోవా రెండూ ఎయిర్‌పోర్టులో చెత్తబుట్ట పాలవుతాయి. మామిడిపళ్ళు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరవు. ఆవకాయ మాత్రం నూనె కారకుండా గట్టిగా ప్యాక్ చేయించమను. మీ నాన్న బీపీ, షుగర్ మాత్రలు ఉన్నన్నాళ్ళకీ సరిపడా తెచ్చుకోవాలి, డాక్టర్ చీటీతో సహా. ఇక్కడి మందుల షాపులో ఊరికే అడిగితే ఇవ్వరు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఖర్చు దండగ అని నాన్న అంటారు, వినకు. విజిటర్‌గా వచ్చినవాళ్ళు ఆసుపత్రిలో చేరితే బిల్లు చాలా పెద్దదవుతుంది.

లేక్ డిస్ట్రిక్ట్ ఉంచు, కానీ జులై రెండో వారంలోకి జరుపు. ఇంగ్లండ్‌లో స్కూళ్ళకి సెలవులు ఇచ్చేది జులై నెలాఖరుకు. ఆ తర్వాత రూముల ధరలు, జనం, రెండూ పెరుగుతాయి. విండర్‌మియర్ స్టేషన్‌లో దిగి 599 బస్సు ఎక్కితే గ్రాస్‌మియర్ దాకా వెళ్ళొచ్చు, కారు అక్కర్లేదు. గొడుగులు కాదు, వానకోట్లు కొను. వాళ్ళిద్దరి పేర్ల మీద టూ టుగెదర్ రైల్‌కార్డు తీసుకో, టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది. కాకపోతే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం తొమ్మిదిన్నర దాటాకే చెల్లుతుంది. ఎడిన్‌బరో ఆగస్టులో వద్దు. అది ఉత్సవాల నెల, రూములు దొరకవు, దొరికినా ధర అందుబాటులో ఉండదు.

లండన్‌కి ఒకే రోజు చాలు, అది కూడా బ్రిటిష్ మ్యూజియం కోసం. ప్రవేశం ఉచితం. అక్కడ 33ఎ గదిలో మన అమరావతి స్తూపం శిల్పాలు ఉన్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి అందులో ఎన్నో. గుంటూరు జిల్లాలో పుట్టిన మీ నాన్న ఆ పలకల ముందు ఎంతసేపు నిలబడతారో నిలబడనీ. తొందర పెట్టకు. మెట్రోలో ముగ్గురికీ మూడు కార్డులు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరిని పంపడం కుదరదు.

సముద్రం చూడాలంటే బోర్న్‌మత్ వెళ్ళండి, అక్కడ ఇసుక బాగుంటుంది. బాపట్ల సముద్రంలో ఈదిన మనిషినని నాన్న దూకబోతారు. ఆగస్టులో కూడా నీళ్ళు ఒళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. మెల్లగా దిగమను, లైఫ్‌గార్డులు కాపలా కాసే ఎరుపు-పసుపు జెండాల మధ్యనే ఉండమను.

గ్రాడ్యుయేషన్‌కి మామూలుగా ఇద్దరికే సీట్లు ఇస్తారు. నా గురించి ఆలోచించకు, నేను బయట పూలగుత్తితో నిలబడతాను. గౌను అద్దెకి ముందే బుక్ చెయ్యి. భుజాల మీద వేసే హుడ్‌కి చొక్కా గుండీకి తగిలించే చిన్న ఉచ్చు ఉంటుంది. చీరకి గుండీ ఉండదు కదా, అది వెనక్కి జారి గొంతు పట్టేస్తుంది. నాలుగు పిన్నీసులు దగ్గర పెట్టుకో.

గృహప్రవేశం ఆషాఢం దాటాకే పెట్టుకున్నాం. వ్రతం శుక్రవారం కాబట్టి పొద్దున్న పూజ ఇంటివాళ్ళమే చేసుకుని, తాంబూలానికి అందరినీ సాయంత్రం ఆరింటికి పిలుస్తాను, ఆఫీసుల నుంచి వచ్చే పిల్లలకి వీలుగా ఉంటుంది. కలశం మీ అమ్మ చేత పెట్టిస్తాను. అక్కచెల్లెళ్ళం కలిసి వ్రతం చేసుకుని పంతొమ్మిదేళ్ళయింది.

నెయ్యి సంగతి మీ అమ్మకి నేనే ఫోన్ చేసి చెబుతాను, నువ్వు చెబితే వినదు. గౌను లోపలికి నా ముదురాకుపచ్చ పట్టుచీర ఇస్తాను. జాకెట్ కొలతలు ఈ ఆదివారంలోగా పంపు, కుట్టే ఆవిడకి మూడు వారాలు పడుతుంది.

మీ పెద్దమ్మ