రొటేషన్ ఏడాది వృథా అయినట్టేనా?

ప్రశ్న: నేను సూక్ష్మజీవ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. వృక్ష, సూక్ష్మజీవ శాస్త్రాలు కలిసిన నాలుగేళ్ళ పీహెచ్‌డీకి ఎంపికయ్యాను. మొదటి ఏడాది మూడు ల్యాబుల్లో పదేసి వారాలు రొటేషన్ చేశాకే గైడును ఎంచుకోవాలట. నా స్నేహితురాలు నేరుగా ఒక ల్యాబులో చేరి థీసిస్ పని మొదలుపెట్టేసింది. నాకు ఏడాది వృథా అయినట్లేనా? మొక్కలతో పరిచయం లేదు కనుక మూడూ సూక్ష్మజీవుల ల్యాబులే ఎంచుకోవచ్చా?

జవాబు: మీ నాలుగేళ్ళ లెక్కలో రొటేషన్ కాలం కూడా కలిసే ఉంది కాబట్టి దాన్ని వృథా అనలేము. ఆ పని గాని, ఆ గైడు గాని తనకు సరిపడరని చేరిన మూడో నెలలో తెలుసుకున్న విద్యార్థికి, నేరుగా చేరే పద్ధతిలో బయటపడటం కష్టం. మీకు ఆ వీలు మొదటే కల్పించారు.

రెండో ప్రశ్నకు మాత్రం వద్దనే చెబుతాను. మూడుచోట్లా తెలిసిన పనే చేస్తే రొటేషన్ ఉండీ లేనట్టే. అయితే మొక్కల ల్యాబులో కాలం నడక వేరు. అనుకూల పరిస్థితుల్లో ఈ. కోలై అనే బ్యాక్టీరియా దాదాపు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. ఈరోజు పోషకాల ప్లేటు మీద పరిస్తే రేపటికి దాని గుంపులు, అంటే కాలనీలు, కనిపిస్తాయి. త్వరగా పెరుగుతుందనే పరిశోధకులు మెచ్చుకునే చిన్న మొక్క అరబిడాప్సిస్‌కు సైతం విత్తనం నుంచి విత్తనానికి 6 నుంచి 8 వారాలు కావాలి. దాని పూగుత్తులను మొక్కల్లోకి జన్యువులను చేర్చగల అగ్రోబాక్టీరియం అనే బ్యాక్టీరియా కలిపిన ద్రావణంలో ముంచి జన్యువును చొప్పించినా, విత్తనాలు సేకరించి, జన్యువు చేరిన మొక్కలను ఏరి, ఆ లక్షణం స్థిరపడేదాకా తరాలు పెంచేసరికి సాధారణంగా అర ఏడాది దాటుతుంది. పది వారాల్లో మీ చేత కొత్త జన్యుమార్పిడి మొక్కను తయారు చేయిస్తామని ఎవరైనా అంటే, వారు ఉత్సాహవంతులే గాని క్యాలెండరు చూడలేదని అర్థం.

మీకు తగిన పని, మొక్క, సూక్ష్మజీవి ఎదురుపడే చోట దొరుకుతుంది. ఉదాహరణకు సూడోమోనాస్ సిరింజే అనే బ్యాక్టీరియాను అరబిడాప్సిస్ ఆకుల్లోకి ఎక్కించి, మూడు రోజుల తర్వాత ఆకు ముక్కలను నూరి, దశలవారీగా పలుచన చేసి, ప్లేట్ల మీద కాలనీలు లెక్కపెట్టి, ఏ మొక్క ఎంత తట్టుకుందో తేలుస్తారు. ఆకుల పని తప్ప ఇందులో మీకు చేతకానిదేమీ లేదు. చిక్కల్లా మొక్కల వయసుతోనే: ఈ ప్రయోగానికి సుమారు నాలుగైదు వారాల మొక్కలు కావాలి, మీరు చేరిన రోజున విత్తితే సగం రొటేషన్ నీళ్ళు పోయడంతోనే గడిచిపోతుంది. అందుకని నెల ముందే విత్తి ఉంచగలరా అని ఆ ల్యాబుకు రాయండి. వచ్చే జవాబును బట్టే ఆ ల్యాబు తీరు కొంత తెలుస్తుంది. నికోటియానా బెంథామియానా అనే పొగాకు జాతి మొక్క ఆకుల్లో అగ్రోబాక్టీరియం సాయంతో తాత్కాలికంగా ప్రోటీన్ తయారు చేయించే పని కూడా రెండు మూడు రోజుల్లోనే ఫలితం చూపిస్తుంది కాబట్టి, కొత్తవారికి అనువుగా ఉంటుంది.

ప్రయోగం ఫలించకపోయినా బెంగపడకండి, పది వారాల్లో దాని మీద ఎవరూ పెద్దగా ఆశ పెట్టుకోరు. ప్లేట్లకు ఫంగస్ పట్టిందని ల్యాబు సమావేశంలో ఒకరు చెప్పినప్పుడు గైడు మొదట ఏమడుగుతారో, చివరి ఏడాది విద్యార్థులు గైడు లేనప్పుడు ఏం మాట్లాడుకుంటారో, మీకు పని నేర్పుతున్నది నిజానికి ఎవరో గమనించండి. ప్రాజెక్టు పేరుకంటే నేను వీటికే ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే ప్రాజెక్టు మధ్యలో మారవచ్చు గాని గైడు మారడం అరుదు. వచ్చే ఏడాది విద్యార్థిని చేర్చుకోవడానికి ఆ ల్యాబులో చోటు, నిధులు ఉన్నాయా అన్నది రొటేషన్ మొదలుకాక ముందే అడిగి తెలుసుకోవాలి.

ప్రశ్న: రొటేషన్ చేసిన ల్యాబులో చేరడం లేదని గైడుకు ఎలా చెప్పాలి? నొచ్చుకుంటారేమోనని భయంగా ఉంది.

జవాబు: మీ నిర్ణయం ఇతరుల ద్వారా ఆయనకు తెలియకముందే మీరే వెళ్ళి రెండు మాటల్లో చెప్పండి. మూడు ల్యాబులు తిరిగిన విద్యార్థి రెండింటిని వదులుకోక తప్పదని వారికీ తెలుసు. వారిని నిజంగా నొప్పించేది వేరు: మీరు వెళ్ళిపోయిన ఆరు నెలలకు, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో పేరు, తేదీ లేని ట్యూబు బయటపడి, అందులో ఏ ప్లాస్మిడ్ (జన్యువును మోసే చిన్న డీఎన్ఏ వలయం) ఉందో మీ నోట్‌బుక్కులోనూ దొరకకపోవడం.