కరవది పేరు వినిపించే దూరదేశం

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర కరవది. మా ఊరి పేరుతో పిలిచిన ఆబోతు 1960ల తొలినాళ్లలో బ్రెజిల్ చేరిందని తాతగారి నోట వింటూ పెరిగాను. 2011లో మొదటిసారి సావోపాలోలో దిగినప్పుడు కన్నీళ్లు ఆగలేదు. ఈమధ్య నాలుగోసారి వెళితే, విమానాశ్రయంలో కాళ్లనొప్పి తప్ప మరేమీ తోచలేదు. ఆ దేశం మీద మమకారం తగ్గిందంటారా?
— ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: తగ్గిందని నేను అనుకోను. మొదటిసారి మీరు దిగింది బ్రెజిల్‌లో కాదు, తాతగారి మాటల్లో. ఊరు చూడకముందే వచ్చిన కన్నీళ్లు కరవది నుంచి వెంట తీసుకువెళ్లినవే. దానికి తోడు కొత్తచోటి బెదురు కూడా ఉంటుంది. అప్పట్లో యెల్లో ఫీవర్ టీకా పత్రానికి పదేళ్ల గడువు ఉండేది. 2016 జూలై నుంచి అదే పత్రం జీవితాంతం చెల్లుతోంది. పత్రాలను పదిసార్లు తడిమి చూసుకునే ఆ గుండెదడ పోవడాన్ని ప్రేమ పోవడంగా లెక్కవేయకండి.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చి ఉంటుంది. మన పశువును అక్కడ నెలోర్ అంటారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే వరకు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది కనుక, పంతొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కిన మన పశువులకు ఆ పేరే నిలిచిపోయింది. మొదటిసారి వెళ్లినవారు ‘నెలోర్ కాదండీ, ఒంగోలు’ అని కనబడినవారికల్లా చెప్పాలని ఆరాటపడతారు. అంతకన్నా కష్టమైన సంగతి మరొకటుంది: ఇక్కడ అరక దున్ని, బండలాగుడు పందెంలో ఊరి పరువు నిలబెట్టే గిత్త జాతిని అక్కడ ప్రధానంగా మాంసం కోసం పెంచుతారు. రైతుబిడ్డకు అది మింగుడుపడే విషయం కాదు. అది తెలిసిన తర్వాత కూడా మీరు మళ్లీ మళ్లీ వెళ్లారంటే, తాతగారి బ్రెజిల్‌ను దాటి ఉన్న బ్రెజిల్‌నే ఇష్టపడుతున్నారని నాకు అనిపిస్తోంది.

ఈసారి ఆ దేశానికి చేరుకున్నానన్న భావన విమానాశ్రయంలోనే కలగాలని పట్టుపట్టకండి. అది నెలోర్ పశుపోషణకు పేరుపడ్డ ఉబెరాబా పట్టణం దారిలో కలగవచ్చు. వంశావళి పత్రాల్లో ఇప్పటికీ కనిపించే కరవది పేరును అక్కడి పశుపాలకుడు తన యాసలో పలికినప్పుడు కలగవచ్చు. ఎక్కడ కలిగిందో తిరిగివచ్చాక మాకు రాయండి.