మొదటి రాత్రికైనా మంచం బుక్ చేసుకోండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. వచ్చే నెల ముగ్గురు దోస్తులం థాయ్‌లాండ్ పోతున్నాం. టికెట్లు తప్ప ఏమీ బుక్ చేయలేదు. ఏ ఊరు నచ్చితే అక్కడే చవక హాస్టల్‌లో దిగుదామని ఆలోచన. ఫోన్‌లో ఏమేం పెట్టుకోవాలి? ఓటీపీలు అక్కడికి వస్తాయా?

జవాబు: ప్లాన్ లేకుండా తిరగండి, నాకేం అభ్యంతరం లేదు. మొదటి రాత్రికి మాత్రం మంచం బుక్ చేసుకోండి. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్లే విదేశీయులు డిజిటల్ అరైవల్ కార్డు నింపాల్సిందే. దిగే తేదీకి ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో నింపాలి. అందులో అక్కడి బస అడ్రస్ అడుగుతారు. శంషాబాద్‌లో చెక్-ఇన్ లైన్‌లో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఎందుకు? ఈ కార్డుకు పైసా కట్టక్కర్లేదు. గూగుల్‌లో వెతికితే ఫీజు అడిగే సైట్లూ కనిపిస్తాయి. వెబ్ అడ్రస్ చివర ‘జీవో డాట్ టీహెచ్’ (go.th) ఉంటేనే వివరాలు ఇవ్వండి.

మంచం కోసం హాస్టల్‌వరల్డ్, అగోడా, బుకింగ్ డాట్ కామ్ చాలు. ‘ఫ్రీ క్యాన్సిలేషన్’ ఫిల్టర్ పెట్టుకుంటే, ప్లాన్ మారినా గడువులోగా రద్దు చేసుకుంటే డబ్బు పోదు. తర్వాత అదే హాస్టల్ పేరు గూగుల్ మ్యాప్స్‌లో కొట్టి, కొత్త రివ్యూలు ముందు వచ్చేలా పెట్టి, ‘బెడ్ బగ్స్’ అని వెతకండి. నల్లులున్న మంచం ఊరికే ఇచ్చినా వద్దు. లాకర్ ఉంటుంది కానీ తాళం మీరే తెచ్చుకోమనే హాస్టళ్లు చాలా ఉన్నాయి. చిన్న తాళంకప్ప బ్యాగులో వేసుకోండి.

అసలు టెన్షన్ ఓటీపీలతోనే. ఇక్కడి సిమ్ తీసి పర్సులో దాచుకుంటే అవి రావు. దాన్ని ఫోన్‌లోనే ఉంచి, ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించుకుని, డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. నెట్‌కు అక్కడి ఈ-సిమ్ (ప్లాస్టిక్ సిమ్ లేకుండా ఫోన్‌లోకే డౌన్‌లోడ్ చేసుకునేది) వాడండి. డయల్ ప్యాడ్‌లో స్టార్, హ్యాష్, 06, హ్యాష్ కొట్టండి. ‘ఈఐడీ’ అనే పొడవాటి నంబరు కనిపిస్తే సాధారణంగా మీ ఫోన్‌కు ఈ-సిమ్ పడుతుంది. బ్యాంకు కార్డు సంగతి మరిచిపోకండి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 2020 అక్టోబర్ నుంచి ఇస్తున్న కార్డుల్లో విదేశీ లావాదేవీలు మొదట ఆఫ్‌లోనే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలి.

బ్యాంకాక్ మ్యాప్ ఇంటి వైఫైలోనే డౌన్‌లోడ్ చేసుకోండి. అయితే నెట్ లేనప్పుడు గూగుల్ మ్యాప్స్ బండి దారి చూపిస్తుంది, నడక దారి చూపించదు. హాస్టల్ అడ్రస్ థాయ్ లిపిలో ఉన్న స్క్రీన్‌షాట్ ముగ్గురి ఫోన్లలోనూ ఉంచుకోండి. ట్యాక్సీ డ్రైవర్‌కు అదే చూపించొచ్చు.

ప్రశ్న: 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ విమానంలో తీసుకెళ్లనిస్తారా? (జడ్చర్ల పాఠకురాలు)

జవాబు: ఇస్తారు, కానీ చేతి బ్యాగులోనే. లగేజీలో వేస్తే తీయిస్తారు. పరిమితి 100 వాట్ అవర్లు, మీది సుమారు 74. అదే 30,000 అయితే 111 అవుతుంది, ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి. పవర్ బ్యాంక్ మీద అచ్చు చెరిగిపోయి అంకెలు కనిపించకపోతే దాన్ని ఇంట్లోనే వదిలేయండి.