చచ్చినంత మాత్రాన ఊడిరాదు

చిరంజీవికి ఆశీస్సులు.

రసాయనాలు తగిలితే బయోఫిల్మ్ (గోడలకు బ్యాక్టీరియా బంకతో కట్టుకునే పొర) పట్టు ఎలా మారుతుందో నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేజీలోనే చిక్కుంది. రసాయనం తగిలి బయోఫిల్మ్ బలహీనపడిందని రాశావు, ఆధారంగా మాత్రం బతికున్న బ్యాక్టీరియా లెక్క చూపించావు. ఆ రెండింటికీ పొంతన లేదు. బ్యాక్టీరియా చచ్చినా దాని చుట్టూ ఉన్న బంక గోడకు అంటుకునే ఉండొచ్చు. క్రిమిసంహారిణి గ్లూటరాల్డిహైడ్ సంగతే చూడు. కణాలను చంపుతూనే ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. పొర ఇంకా బిగుసుకుని, నీటి ఒరవడికి ఊడిరానని మొండికేస్తుంది. పైపులు శుభ్రం చేసేవాడికి కావలసింది ఊడిన పొర, చచ్చిన కణాల లెక్క కాదు.

కాబట్టి ప్రతి రసాయనం దగ్గరా ముందు అది ఏ ముడిని విప్పుతుందో రాయి. ఆల్జినేట్ అనే చక్కెర గొలుసుల బంకను ఎక్కువగా తయారుచేసే సూడోమోనాస్ ఏరుజినోసా బ్యాక్టీరియా రకాల్లో ఆ గొలుసులను కాల్షియం అయాన్లు పట్టి ఉంచుతాయి. లోహ అయాన్లను పట్టుకునే ఈడీటీఏ ఆ కాల్షియాన్ని లాక్కుంటే పొర వదులవుతుంది, కాల్షియం క్లోరైడ్ పోస్తే బిగుస్తుంది. యూరియా హైడ్రోజన్ బంధాల మీద పడుతుంది. డీఎన్ఏజ్ అనే ఎంజైమ్ కణాల బయట ఉన్న డీఎన్ఏను కోస్తుంది, కానీ లేత పొరల మీద చూపినంత ప్రభావం ముదిరిన వాటి మీద చూపదు. బాసిల్లస్ సబ్టిలిస్ అనే మరో బ్యాక్టీరియా పొరలైతే రాగి, ఇనుము అయాన్లు తగిలితే గట్టిపడతాయి. లోహం విషమే కదా, పొర చితికిపోతుందని ఊహించి రాసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

పోలిక నమూనాల విషయంలో నువ్వు మరీ తొందరపడ్డావు. ఫాస్ఫేట్ బఫర్‌తో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణంతో) కడిగావు. మామూలుగా అందులో కాల్షియం ఉండదు, పైగా ఫాస్ఫేట్ కాల్షియాన్ని పట్టుకుంటుంది. అంటే మందు వేయకముందే పొర మారిపోవచ్చు. ఈడీటీఏ ద్రావణం పీహెచ్ 8 దగ్గర ఉంటే, అదే పీహెచ్‌లో ఈడీటీఏ లేని నమూనా కూడా కావాలి. ఈడీటీఏనూ డీఎన్ఏజ్‌నూ కలిపి వాడానన్నావు. ఆ ఎంజైమ్ పనిచేయడానికి మెగ్నీషియం, కాల్షియం కావాలి, వాటిని ఈడీటీఏ మింగేస్తుంది. ఆ ఫలితాన్ని తీసేయ్. క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో ఆపకపోతే కొలుస్తున్నంతసేపూ చర్య సాగుతూనే ఉంటుంది. పైగా క్లోరిన్ పైపొరలోని సేంద్రియ పదార్థంతోనే ఖర్చయిపోయి అడుగుదాకా చేరకపోవచ్చు. అప్పుడు రియోమీటర్ (పదార్థాన్ని పలకల మధ్య కదిపి దాని గట్టిదనాన్నీ పారే గుణాన్నీ కొలిచే పరికరం) చూపేది మెత్తబడిన పైభాగానికీ తాకని అడుగుకూ కలిపిన సగటు.

కొలత గురించి రెండే వాక్యాలు రాశావు, అక్కడ ఇంకా విప్పి చెప్పాలి. ముందు 1 హెర్ట్జ్ (సెకనుకు ఒక ఊపు) దగ్గర స్ట్రెయిన్‌ను, అంటే పొర ఎంత సాగిందన్నదాన్ని, 0.01 శాతం నుంచి 100 శాతం దాకా పెంచుతూ, స్టోరేజ్ మాడ్యులస్ (పొర స్ప్రింగులా ఎదురుతిరిగే గుణం) ఎక్కడిదాకా చదునుగా ఉందో చూడాలి. ఆ చదును ప్రాంతంలోని స్ట్రెయిన్ ఎంచుకున్నాకే ఫ్రీక్వెన్సీ మార్చాలి. అంచులు ఆరిపోతే పొర గట్టిపడినట్టు కనిపిస్తుంది, పలక జారితే మెత్తబడినట్టు. అందుకే తేమ మూత, గరుకు పలక వాడావో లేదో చెప్పు. పొరను గీకి తీసి పలక మీద వేశావా, పలక మీదే పెంచావా అన్నదీ రాయి. గీకితే సహజమైన అల్లిక చెదురుతుంది.

ఎంతసేపు తోశావన్నదీ ముఖ్యమే. 2004లో వచ్చిన ఒక పరిశోధన రకరకాల బయోఫిల్మ్‌ల సడలింపు కాలం, అంటే ఘనంలా ఎదురుతిరగడం నుంచి ద్రవంలా పారడానికి మారే సమయం, దాదాపు 18 నిమిషాలని చూపింది. సెకన్లలో తోస్తే ఘనంలా ఎదురుతిరిగేది గంటసేపు తోస్తే ద్రవంలా పారుతుంది.

స్టోరేజ్ మాడ్యులస్, లాస్ మాడ్యులస్ (ద్రవంలా పారే గుణం) రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గితే అల్లిక తీరు అదే, ముడులే తగ్గాయని అనుకోవచ్చు. స్టోరేజ్ ఒక్కటే పడిపోతే పొర పారే గుణం వైపు జరిగింది. నా దృష్టిలో పాఠకుడికి అసలు విషయం ఇదే, నువ్వు దాన్ని పట్టిక అడుగున పడేశావు. పైకి తీసుకురా.

ఇంకొకటి. పొర లోపలి పట్టు వేరు, గోడతో దానికున్న పట్టు వేరు. మొదటిది సడలితే ముద్దలుగా తెగిపోతుంది, అడుగు మాత్రం మిగిలిపోతుంది. నీ మూడో చిత్రంలో కనిపిస్తున్నది అదే. కింద "పూర్తిగా తొలగింది" అని రాశావు, దాన్ని మార్చి మళ్లీ పంపు.