మడులు వేసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

రసాయనాలు లేకుండా కూరగాయలు పండించి అమ్మాలనుకున్నావని తెలిసి సంతోషించాను. ముందు మాట ఒకటే: చిన్నగా మొదలుపెట్టు. కలుపు రెండాకుల మీద ఉన్నప్పుడు దోకుడుపారతో కాసేపట్లో తేలిపోయే మడి, విత్తనం రాల్చాక పూట పని పెడుతుంది.

75 సెంటీమీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవుతో ఇరవై మడులు, మధ్యలో 40 సెంటీమీటర్ల బాటలు. అంతా కలిపి 350 చదరపు మీటర్ల లోపే. అన్ని మడులకూ ఒకే కొలత ఉంటే డ్రిప్ పైపులు, వలలు ఏ మడికైనా సరిపోతాయి. మడి మీద మాత్రం ఎప్పుడూ కాలు పెట్టకు. తొక్కిన నేల బిగుసుకుపోయి వేళ్లకు గాలి ఆడదు.

నేల పదునులో ఉన్నప్పుడే పని చెయ్యి. గుప్పెడు మట్టి పిసికి, బొటనవేలితో నొక్కి చూడు. విడిపోతే సరే, ముద్దగా నొక్కుకుంటే ఆగు. పళ్లున్న పారతో గుల్ల చేస్తే చాలు, కింది మట్టి పైకి తిరగెయ్యకు. తిరగేస్తే అడుగున నిద్రపోతున్న కలుపు గింజలు వెలుగు చూసి మొలుస్తాయి, వానపాముల దారులూ తెగిపోతాయి.

నీ శ్రమలో పెద్ద వాటా కంపోస్టుకే ఇవ్వు. ఒక పాలు పచ్చి చెత్త లేదా పేడ, రెండు మూడు పాళ్లు ఎండుటాకులు, గడ్డి కలిపి కనీసం మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉండేలా కుప్ప వెయ్యి. అంతకంటే చిన్నదైతే వేడి నిలవదు. గుప్పెడు పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుట్టాలి. ఆ వేడిలో పదిహేను రోజులు ఉంచి, ఐదుసార్లు తిరగేస్తే అంచున ఉన్నది కూడా లోపలికి వెళ్లి, కలుపు గింజలు, రోగకారక క్రిములు చాలావరకు చస్తాయి. ముక్కు ఘాటెక్కితే ఎండు సరుకు కలుపు. కుళ్లు కంపు కొడితే గాలి ఆడడం లేదని అర్థం, తిరగెయ్యి. వేడి తగ్గాక కనీసం రెండు నెలలు మాగనివ్వు. మడికి 2 సెంటీమీటర్ల మందాన పరిస్తే, ఈ కొలతలో సుమారు 225 లీటర్లు పడుతుంది.

బయటి నుంచి గడ్డి, పేడ, కంపోస్టు తెచ్చుకుంటే తప్పక పరీక్షించు. గడ్డి మైదానాల్లో కొట్టే కొన్ని కలుపు మందులు పశువు కడుపులోనుంచి, కుప్ప వేడిలోనుంచి కూడా చెడకుండా బయటికొస్తాయి. ఆ ఎరువు కలిపిన మట్టితో కొన్ని కుండీలు, కలపని మట్టితో కొన్ని కుండీలు నింపి, చిక్కుడు గింజలు పెట్టి మూడు వారాలు చూడు. ఎరువున్న కుండీల్లోనే ఆకులు గిన్నెల్లా ముడుచుకుంటే అది తోటలోకి రానివ్వకు. పచ్చి పేడ వేస్తే, నేలకు తగిలే పంట కోతకు కనీసం 120 రోజుల ముందే వెయ్యాలి.

నేలను కప్పే ఆచ్ఛాదనగా మొక్కల చుట్టూ ఎండుగడ్డి 5 సెంటీమీటర్ల మందాన పరుచు, కాండానికి తగలనివ్వకు. దాన్ని మట్టిలో కలిపేస్తే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నత్రజనిని లాగేసుకుని మొక్కలు పసుపెక్కుతాయి.

మొక్కల రసం పీల్చే చిన్న పురుగు, పేనుబంక, కనబడగానే మందు వెతకకు. నత్రజని ఎక్కువై లేత చిగుళ్లు విరివిగా వచ్చిన చోటే అది త్వరగా పెరుగుతుంది, కాబట్టి ముందు ఎరువు తగ్గించు. నీళ్లు బలంగా కొట్టి రాల్చు. అక్షింతల పురుగులు వచ్చేందుకు కొన్ని రోజులు గడువివ్వు. సిర్ఫిడ్ ఈగల పిల్లపురుగులు కూడా పేనుబంకను తింటాయి, కానీ ఎదిగిన ఈగలకు పూతేనె కావాలి. అందుకే మడుల చివర కొత్తిమీర, సోపు పూతకు వదిలెయ్యి. తప్పనిసరైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి, తేనెటీగలు వెళ్లిపోయాక, పట్టిన మొక్కలకే కొట్టు. మిత్రపురుగుల లేత పిల్లలకూ అది హాని చేస్తుంది. ముందు నాలుగైదు ఆకుల మీద కొట్టి, మాడడం లేదని చూసుకో.

టమాటా, వంగ, మిరప ఒకే కుటుంబం. ఒకదాని తర్వాత ఒకటి అదే మడిలో వేస్తే వేళ్లను పట్టే నులిపురుగులు, ఎండు తెగుళ్లు పేరుకుపోతాయి. మూడేళ్ల దాకా ఆ కుటుంబాన్ని అక్కడికి తేకు.

అమ్మకం మధ్యలో ఆగిపోకూడదు. ముల్లంగి త్వరగా చేతికొస్తుంది కనక మడంతా ఒకేసారి నింపక, పది రోజులకోసారి మూడో వంతు చొప్పున విత్తు. ఆకుకూరలు ఎండ రాకముందే కోసి, చల్లని శుభ్రమైన నీటిలో ముంచి, నీరు వడిచాకే పెట్టెల్లో సర్దు. తడి మిగిలితే మర్నాటికే జిగురు పడతాయి. ప్రతి మడికీ విత్తిన తేదీ, కోసిన తేదీ, తూకం, అమ్ముడుపోక మిగిలింది రాసిపెట్టు. వచ్చే ఏడాది ఏది ఎంత వెయ్యాలో ఆ లెక్క చూసి నిర్ణయించుకో.