స్టాక్‌హోంలో నాలుగు రోజులు ఆలస్యమైన పెట్టె: కేసు మొత్తం ఒక్క మెయిల్ మీద ఉంది

ప్రశ్న: నేను రిటైర్డ్ లెక్చరర్‌ని, మాది కరీంనగర్. పెళ్లయి 30 ఏళ్లయిన సందర్భంగా 2025 జూన్‌లో నేనూ మా ఆవిడా స్టాక్‌హోం చూడటానికి వెళ్లాం. హైదరాబాద్ నుంచి రానూపోనూ టికెట్లు మా అబ్బాయి ఒకే బుకింగ్‌లో తీశాడు. మధ్యలో ఒకచోట విమానం మారాం, అక్కడి నుంచి వేరే సంస్థ విమానం. జూన్ 11న ఆర్లాండా ఎయిర్‌పోర్టులో దిగితే మా పెద్ద పెట్టె రాలేదు. కౌంటర్లో ఫారం నింపించుకుని ఒక నంబరు ఇచ్చారు. 15వ తేదీ సాయంత్రం పెట్టె హోటల్‌కి వచ్చింది, ఒక చక్రం విరిగి. సిటీ హాల్ ముందు పోచంపల్లి పట్టుచీరలో ఫోటో దిగాలని మా ఆవిడ ఎంతో ఆశపడింది. ప్రయాణంలో నలిగిన చుడీదార్‌తోనే దిగాల్సి వచ్చి ఆ రాత్రి గదిలో ఏడ్చింది. నా బీపీ మాత్రలూ ఆ పెట్టెలోనే ఉన్నాయి. బట్టలకు, చలికోట్లకు, డాక్టరుకు, మాత్రలకు కలిపి 4,100 స్వీడిష్ క్రోనర్లు (సుమారు 37 వేల రూపాయలు) అయింది. తిరిగొచ్చాక అమ్మాయి నిశ్చితార్థం పనుల్లో పడిపోయాం. జూలై 2న మా అబ్బాయి రెండో సంస్థకు ఒక మెయిల్ పెట్టాడు. ‘పరిశీలిస్తున్నాం’ అని జవాబొచ్చింది, అంతే. ఒకరినడిగితే ఇంకొకరిని అడగమంటున్నారు. మా ఆవిడ పడ్డ బాధకు ఐదు లక్షలైనా వస్తాయా? పెట్టెలో బంగారు గొలుసు కూడా పోయిందని రాయమని మా తోడల్లుడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం అసలు నాలుగు పేజీలు. పైన కుదించి ఇచ్చాను. అందులో పట్టుచీరకు పేజీన్నర కేటాయించారు, జూలై 2 మెయిల్‌కు ఒక్క వాక్యం. మీకు కేసు ఉందా లేదా అన్నది ఆ ఒక్క వాక్యమే తేలుస్తుంది.

అంతర్జాతీయ విమాన ప్రయాణంలో సామాను సంగతి మన విమాన రవాణా చట్టం, 1972 కిందికి వస్తుంది. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందాన్ని ఆ చట్టానికే మూడో షెడ్యూలుగా జత చేశారు. భారత్, స్వీడన్ రెండూ ఆ ఒప్పందంలో ఉన్నాయి. సామాను ఆలస్యంగా వస్తే, అది మీ చేతికి అందిన రోజు నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలన్నది అందులోని 31వ నిబంధన. చేయకపోతే దావాయే లేదు. విమాన సంస్థ మోసం చేసిందని మీరు రుజువు చేస్తే తప్ప దీనికి మినహాయింపు ఉండదు.

మీ పెట్టె అందింది జూన్ 15న. 21 రోజుల గడువు జూలై 6తో ముగిసింది. మీ అబ్బాయి మెయిల్ వెళ్లింది జూలై 2న, అంటే 17వ రోజున. నాలుగు రోజుల తేడాతో బయటపడ్డారు. అదీ మీరు నిశ్చితార్థం భోజనాల లెక్కల్లో ఉంటే పిల్లవాడు గుర్తుపెట్టుకుని చేసిన పని.

‘ఎయిర్‌పోర్టులో ఫారం నింపాం కదా, అది చాలదా?’ అని మీరు అడుగుతారని తెలుసు. ఆ ఫారం పెట్టె కనపడలేదని చెప్పే కాగితం. మాకు నష్టం జరిగింది, పరిహారం కావాలి అని అందులో ఉండదు. విమాన సంస్థ లాయరు మొదట పట్టుకునేది అక్కడే. 2018లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఒక కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం కాస్త ఉదారంగా మాట్లాడింది. ప్రయాణికురాలు ఫోన్లో చెప్పిన ఫిర్యాదును సంస్థ ఉద్యోగి కంప్యూటర్లో ఎక్కించినా రాతపూర్వకమే అంది. ఆ తీర్పుకు మన వినియోగదారుల కమిషన్ కట్టుబడనక్కర్లేదు. మీకు మెయిల్ ఉంది కాబట్టి ఆ గొడవలోకి దిగే అవసరం కూడా లేదు.

ఇప్పుడు చక్రం. దాన్ని వదిలేయండి. ఆలస్యానికి 21 రోజులు ఉంది గానీ, పాడైన సామానుకు 7 రోజులే. చక్రం విరిగిందని జూన్ 22 లోపు రాయాలి, మీరు జూలై 2న రాశారు. పెట్టె అందిన రోజు ఇంకా అక్కడే ఉన్నారు, చేతిలో ఫోన్ ఉంది, దానికి ఒక ఫోటో తీసి రెండు వాక్యాలు పంపడానికి ఎంతసేపు? లెక్చరర్‌గా పిల్లలకు ఫీజు గడువు దాటితే ఫైన్ వేయించి ఉంటారు. చక్రం ఖర్చు కలిపితే మిగతా ఫిర్యాదు కూడా చులకనైపోతుంది, అందుకే వద్దంటున్నాను.

మాత్రల సంగతీ ఒక మాట. బీపీ మాత్రలు పెద్ద పెట్టెలో పెట్టి చేతి సంచీలో జంతికలు పెట్టుకెళ్లడం ఏమిటండీ? స్వీడన్‌లో డాక్టరు చీటీ లేనిదే ఆ మాత్రలు అమ్మరు. అందుకే డాక్టరు ఖర్చు అదనంగా పడింది. జాగ్రత్తగల ప్రయాణికుడు మందులు వెంట ఉంచుకుంటాడని అవతలి వాళ్లు వాదిస్తారు, ఆ మాటలో న్యాయం ఉంది. ఆ బిల్లు అడగండి, తగ్గిస్తే ఆశ్చర్యపోకండి.

తోడల్లుడి సలహా దగ్గరికి వద్దాం. గొలుసు మాట ఒక్కసారి రాశారంటే మీ నిజమైన కేసు కూడా పోతుంది. జూలై 2 మెయిల్‌లో గొలుసు ఊసు లేదు. మొదట రాయనిది కేసు వేసేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మీ దగ్గర జవాబు లేదు. పైగా నగలు, నగదు చెక్-ఇన్ సామానులో పెట్టొద్దని టికెట్ నిబంధనల్లోనే రాసి ఉంటుంది. దేశం దాటేటప్పుడు నగకు కస్టమ్స్ దగ్గర ఎగుమతి సర్టిఫికెట్ తీసుకున్నారా అని అడుగుతారు. ఇవన్నీ ఎలాగో దాటారనుకోండి, అమ్మాయి నిశ్చితార్థం ఫోటోల్లో అదే గొలుసు మీ ఆవిడ మెడలో కనిపిస్తే? వినియోగదారుల కమిషన్ విచారణ చట్టం దృష్టిలో న్యాయవిచారణే. అఫిడవిట్ మీద అబద్ధం రాస్తే భారతీయ న్యాయ సంహిత 229 సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. 37 వేల రూపాయల న్యాయమైన సొమ్ము కోసం వెళ్లినవాళ్లు ముద్దాయిలుగా నిలబడొద్దు. సంతకం పెట్టేది మీరు, తోడల్లుడు కాదు.

విమాన సంస్థలవాళ్లిద్దరూ ఒకరినొకరు చూపిస్తున్నారన్నారు. మీరు స్టాక్‌హోంలో వాసా ఓడ చూసే ఉంటారు. 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే, కిలోమీటరున్నర కూడా పోకుండా రేవులోనే మునిగింది. విచారణ పెడితే ఒకరు ఇంకొకరి మీదకి, వాళ్లు చనిపోయిన ఓడ మేస్త్రీ మీదకి నెట్టారు. చివరికి ఎవరికీ శిక్ష పడలేదు. మీ కేసులో అంత సుఖం వాళ్లకు లేదు. విమానాలు మారుతూ సాగే ప్రయాణంలో సామాను విషయంలో మొదటి సంస్థనూ, చివరి సంస్థనూ, ఏ దశలో ఆలస్యం జరిగిందో ఆ సంస్థనూ అడిగే హక్కు మాంట్రియల్ ఒప్పందంలోని 36వ నిబంధన మీకిచ్చింది. బాధ్యత విడివిడిగానూ ఉంటుంది, ఉమ్మడిగానూ ఉంటుంది. కాబట్టి ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. పెట్టె ఎక్కడ ఆగిందో వాళ్లే తేల్చుకుంటారు.

ఐదు లక్షలు రావు. సామానుకు ఒక్కో ప్రయాణికుడికి పరిహారం పైహద్దు ఉంది. 2024 డిసెంబర్ 28 నుంచి అంతర్జాతీయంగా అది 1,519 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క. మన డబ్బులో లక్షా 80 వేలకు అటూ ఇటూగా వస్తుంది. అది పైహద్దు మాత్రమే, ఇచ్చి తీరాల్సిన మొత్తం కాదు. నిరూపించినంతే వస్తుంది. మానసిక వేదన కింద కమిషన్లు కొంత ఇస్తుంటాయి, అది కూడా ఈ హద్దు లోపలే ఉండాలని అవతలివాళ్లు వాదిస్తారు. కేసును కన్నీళ్ల మీద కట్టొద్దు. ఇంకెవరో యూరప్ రూలు కింద 600 యూరోలు వస్తాయని చెప్పినట్టు కూడా రాశారు. అది విమానం రద్దయినా, మనిషి బాగా ఆలస్యంగా చేరినా ఇచ్చేది, పెట్టెకు వర్తించదు.

మరి నిరూపించేది ఎలా? ఇక్కడ మీ అదృష్టం స్టాక్‌హోందే. అక్కడ నగదు తీసుకోని దుకాణాలు చాలా ఉన్నాయి, ప్రతి ఖర్చూ కార్డు మీదే పడి ఉంటుంది. జూన్ 11 నుంచి 15 దాకా స్టేట్‌మెంటు తీయించి, బ్యాంకు రూపాయల్లో వేసిన అంకెనే వాడండి. దుకాణం బిల్లులు వేడికి అక్షరాలు చెరిగిపోయే కాగితం. ఇవ్వాళే స్కాన్ చేయించండి. స్వీడిష్‌లో ఉన్న వస్తువు పేరు కింద ఇంగ్లీషులో అర్థం రాయండి. బిల్లు అడుగున ‘మూమ్స్’ అని కనిపించేది వాళ్ల వ్యాట్, బట్టల మీద 25 శాతం. తిరుగు ప్రయాణంలో ఆర్లాండాలో ఆ పన్ను వాపసు తీసుకుని ఉంటే ఆ మేరకు తగ్గించి అడగండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు ఏమైనా ఇచ్చి ఉంటే అదీ చెప్పాలి. పెట్టె వచ్చేశాక 16న కొన్న రెండో చలికోటును లెక్కలోంచి తీసేయండి.

ఇక ఆ సిటీ హాల్ ఫోటో. దాన్ని చూసి బాధపడుతున్నామని రాశారు. సిటీ హాల్ లోపలి ఎర్ర ఇటుకల ‘బ్లూ హాల్’లో నలిగిన చుడీదార్‌తో జూన్ 12న, అదే చుడీదార్‌తో 13న వాసా మ్యూజియంలో. ఆ రెండు ఫోటోలు తేదీ, సమయంతో సహా ఫోన్లో ఉన్నాయి కదా. రెండు రోజులు ఓపిక పట్టి, తప్పనిసరై 13 సాయంత్రం బట్టలు కొన్నారని అవే చెబుతాయి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీ కాకుండా ఫోన్లోని అసలు ఫైలు దాచండి.

మెయిల్ మీ అబ్బాయి ఖాతాలో ఉంది కాబట్టి ప్రింటుతో పాటు భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద, ఇది అసలు మెయిలేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం అబ్బాయి, రెండో భాగం నిపుణుడు నింపాలి. కమిషన్ అంత పట్టుబట్టకపోవచ్చు, అయినా ఇవ్వండి. కేసు మొత్తానికి ఆధారం అదొక్కటే. టికెట్ డబ్బు కొడుకు కట్టాడన్నది అడ్డంకి కాదు, సేవ పొందినవాళ్లూ వినియోగదారులే.

కేసు వేయడానికి కాలపరిమితి గమ్యం చేరిన రోజు నుంచి రెండేళ్లు. రానూపోనూ టికెట్ కాబట్టి గమ్యం హైదరాబాదేనన్న వాదన ఉంది. నేనైతే ఆ వాదన మీద రోజులు పెంచుకోను, ఆర్లాండాలో దిగిన రోజు నుంచే లెక్క కడతాను. అంటే 2027 జూన్ 10 లోపు ఫిర్యాదు దాఖలు కావాలి. ‘పరిశీలిస్తున్నాం’ అన్న జవాబు పట్టుకుని కూర్చోవద్దు. ఇవే మాటలున్న పాత నిబంధన మీద 2022లో సుప్రీంకోర్టు ఒక కార్గో కేసులో తేల్చి చెప్పింది: విమాన సంస్థ బాధ్యత ఒప్పుకున్నట్టు రాసినా ఈ రెండేళ్లు పెరగవు, గడువు దాటితే హక్కే పోతుంది. మామూలు వినియోగదారుల కేసుల్లోలాగా ‘జాప్యం మన్నించండి’ అని దరఖాస్తు పెట్టుకుని గట్టెక్కుతామనుకోకండి. విమాన ప్రయాణికుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవ పోర్టల్లో ఫిర్యాదు పెట్టినా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా గడియారం ఆగదు.

ముందు రెండు సంస్థలకూ స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. జూలై 2 మెయిల్ కాపీ, స్టేట్‌మెంటు జతచేసి, 15 రోజుల గడువు పెట్టండి. వోచర్ ఇస్తామని లింకు పంపితే ‘తుది పరిష్కారం’ అన్న మాట ఉందేమో చదవకుండా నొక్కొద్దు. జవాబు రాకపోతే కరీంనగర్ జిల్లా వినియోగదారుల కమిషన్లోనే వేయొచ్చు, ఫిర్యాదుదారు ఉండే ఊరు చాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. ఇద్దరి టికెట్లూ కలిపి ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. ఫిర్యాదుదారులుగా భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయండి, పెట్టె ట్యాగు ఎవరి పేరు మీద ఉందో దాన్నిబట్టి వరుస.

ఆ ట్యాగు ఎక్కడుంది? పెట్టె పిడికి కట్టింది మీ ఆవిడ కత్తిరించి పారేసి ఉంటే, చెక్-ఇన్ అప్పుడు బోర్డింగ్ పాసు వెనక అతికించిన చిన్న ముక్క వెతకండి. పాస్‌పోర్టు అట్టలోనో, ఆ ట్రిప్పుకు వాడిన హ్యాండ్‌బ్యాగు అడుగునో ఉంటుంది.